నేత బట్ట నుంచి మహజరు వరకు: గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868) ప్రజాజీవితం

ప్రవేశిక

తెలుగువారి పందొమ్మిదో శతాబ్ది చరిత్రలో 1852 ఒక ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట నిర్మాణం పూర్తయింది. ఆ ఏడాదే సి.పి. బ్రౌన్ నిఘంటువు వెలువడింది. చెన్నపట్నంలో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ అనే సభ ఏర్పడి, కంపెనీ పాలనలోని లోపాలను వివరిస్తూ బ్రిటిష్ పార్లమెంటుకు సుదీర్ఘమైన విజ్ఞప్తిని సిద్ధం చేసింది కూడా ఆ ఏడాదే. మొదటి రెండు సంఘటనలూ తెలుగు సాహిత్య విద్యార్థులకు సుపరిచితాలు. మూడోదానిని రాజకీయ చరిత్రకారులు పట్టించుకున్నంతగా సాహిత్య చరిత్రకారులు పట్టించుకోలేదు. ఆ సభకు ప్రాణం పోసిన గాజుల లక్ష్మీనరసు శెట్టి తెలుగువాడు, వృత్తిరీత్యా నీలిమందు, బట్టల వర్తకుడు. ఆయన తెలుగులో గ్రంథం రాయలేదు. ఆయన నడిపిన పత్రిక, సభ తరఫున వెలువడిన విజ్ఞప్తి ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు ఆధునికతను తెలుగు గ్రంథాల ద్వారానే లెక్కించే మన పద్ధతిలో ఆయనకు చోటు దొరకకపోవడానికి ఇది ప్రధాన కారణం.

లక్ష్మీనరసు శెట్టి ప్రజాజీవితాన్ని ఆయన వర్తక నేపథ్యం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశీలనలో తేలే ప్రతిపాదన ఇది: సంఘటనను సాక్ష్యంతో, లెక్కతో, స్థల కాలాల నిర్దేశంతో నిలబెట్టి అధికారాన్ని జవాబు అడిగే రచనారీతి మనకు సంస్కర్తల వచనం కంటే ముందే వర్తకుల అర్జీల్లో రూపుదిద్దుకుంది. కందుకూరి వీరేశలింగం నాటి గోదావరి మండల ప్రజాజీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పూర్వరంగం అవసరం.

బట్టల వర్తకం: గోదావరి తీరం, చెన్నపట్నం

లక్ష్మీనరసు శెట్టి 1806లో చెన్నపట్నంలో జన్మించాడు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వర్తకుడు. గాజుల అనే మాట బలిజ వర్తకులలో ఒక శాఖను సూచిస్తుంది. చదువు ముగిశాక ఆయన తండ్రి వ్యాపారంలోనే పని నేర్చుకుని, దానిని బట్టల ఎగుమతికి విస్తరింపజేశాడు. నీలిమందుకు, బట్టకు ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. నీలి అద్దకం, గళ్ల రుమాలు, సన్న నేత అన్నీ ఒకే గొలుసులోని కడియాలు. రంగు అమ్మేవాడికి నేతగాడి గుమ్మం తెలుసు. బట్ట కొనేవాడికి రేవులో ఓడల రాకపోకలు తెలుసు.

ఈ గొలుసు చెన్నపట్నంలో మొదలైంది కాదు. కోరమాండల్ తీరమంతా నేతకు ప్రసిద్ధం. గోదావరి డెల్టాలో నరసాపురం పక్కన మాధవాయపాలెం, కోనసీమలో బండమూర్లంక, కోరంగికి చేరువలో ఇంజరం ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థానాలుగా ఉండేవి. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషులో ‘మడపోలం’గా మారి ఒక రకం నూలు బట్టకే పేరైంది. బట్ట సన్నదనాన్ని పుంజాల లెక్కన నిర్ణయించేవారు. కంపెనీ నేతగాళ్లకు బయానా ఇచ్చి, నిర్ణీత కొలతలకు తగిన బట్టను గడువులోగా తీసుకునేది. ఇప్పటికీ మండపేట పరిసరాల్లోని అంగర, పులుగుర్త వంటి గ్రామాలు చేనేతకు పేరు పొందాయి. ఆ మగ్గాల వెనక ఉన్న చరిత్ర రేవులతోనూ, ఓడలతోనూ ముడిపడినది.

పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ వ్యవస్థ కూలిపోయింది. ఇంగ్లండు మిల్లు బట్ట పోటీకి వచ్చింది. కంపెనీ క్రమంగా బట్టల కొనుగోలును విరమించుకుంది; 1833 చార్టరు చట్టంతో దాని వర్తకమే ముగిసి, అది కేవలం పాలక సంస్థగా మిగిలింది. అదే కాలంలో గోదావరి తీరాన్ని కరవులు, వరదలు, తుపానులు పీడించాయి. 1821–22లో 7,38,308 ఉన్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1840ల ఆరంభానికి 5,61,041కి పడిపోయింది. సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844 నాటి నివేదికలో జిల్లా దుస్థితిని వివరించి నీటిపారుదల పనుల ఆవశ్యకతను సూచించాడు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన ఆ పరిస్థితి నుంచే పుట్టింది. మగ్గం, పొలం రెండూ ఏకకాలంలో దెబ్బతిన్న జిల్లా అది.

కంపెనీ వదిలివేసిన బట్టల వ్యాపారంలో కొంత భాగం స్వదేశీ వర్తకుల చేతికి వచ్చింది. ‘మద్రాసు రుమాలు’ అనే గళ్ల బట్టకు పశ్చిమాఫ్రికాలోను, వెస్టిండీస్‌లోను గిరాకీ ఉండేది. సిద్ధులు శెట్టి కుటుంబం వంటి వర్తకులు వృద్ధి పొందినది ఈ సంధికాలంలోనే. అంతకుముందు చెన్నపట్నంలో ధనవంతులైన తెలుగు, తమిళ కుటుంబాలలో చాలామంది దుబాసీలు. వారి సంపదకు మూలం దొరల కొలువు. తన సరుకును తానే ఎగుమతి చేసే వర్తకుడి స్థితి వేరు. అతని బతుకు ఏ ఒక్క అధికారి దయమీదా ఆధారపడదు. లక్ష్మీనరసు శెట్టి తరువాతి ధైర్యానికి ఈ ఆర్థిక స్వాతంత్ర్యం ఒక పునాది.

వర్తకుడు పత్రికాధిపతి కావడం

1840లలో చెన్నపట్నంలో ప్రభుత్వానికి, స్వదేశీ సమాజానికి మధ్య ఘర్షణ ప్రధానంగా మత విషయాల చుట్టూ సాగింది. మిషనరీ పాఠశాలల్లో చదివే బాలుర మతాంతరీకరణలు కుటుంబాల్లో కలవరం రేపాయి. 1845లో ప్రతిపాదితమైన ‘లెక్స్ లోసై’ చట్టం ముసాయిదా, మతం మారినవారికి పూర్వికుల ఆస్తిలో హక్కు నిలిచే వీలు కల్పించింది. గవర్నరు ట్వీడేల్ 1846లో ప్రభుత్వ విద్యాలయంలో బైబిలును పాఠ్యగ్రంథంగా ప్రవేశపెట్టాలని సంకల్పించాడు.

ఈ వాతావరణంలో లక్ష్మీనరసు శెట్టి ‘నేటివ్ సర్క్యులేటర్’ అనే పత్రికను కొని, దానికి ‘క్రెసెంట్’ అని పేరు మార్చాడు. తొలి సంచిక 1844 అక్టోబరు 2న వెలువడింది. సంపాదకత్వ బాధ్యతను ఎడ్వర్డ్ హార్లీ అనే ఆంగ్లేయుడికి అప్పగించాడు. అప్పటికి తెలుగు పత్రికలు లేకపోలేదు: చెన్నపట్నంలో ‘వృత్తాంతిని’ 1838లో, ‘వర్తమాన తరంగిణి’ 1842లో మొదలయ్యాయి. అయినా శెట్టి ఇంగ్లీషును ఎంచుకున్నాడు. ఈ ఎంపికను మాతృభాషా విముఖతగా భావించడం పొరపాటు. సరుకు ఏ రేవులో అమ్ముడుపోతుందో ఆ రేవుకు తగిన రకం నేయించడం వర్తక ధర్మం. నిర్ణయాలు జరిగే చోటు కోట, దాని పైన లండన్ నగరం. అక్కడ చెల్లే భాషలో సరుకు పంపితే తప్ప ఫలితం లేదని ఆయన గ్రహించాడు.

1846లో పచ్చయ్యప్ప పాఠశాల కేంద్రంగా జరిగిన బహిరంగ సభకు లక్ష్మీనరసు శెట్టి నాయకత్వం వహించాడు. దొరల కొలువులో దుబాసీగా గడించిన పచ్చయ్య మొదలియారు ధర్మనిధితో 1842లో ఏర్పడిన విద్యాలయమది. పరవస్తు చిన్నయసూరి అధ్యాపకత్వంతోనూ దానికి సంబంధం ఉంది. సభలో తీర్మానించిన విజ్ఞప్తిపై నగరవాసులు పెద్ద సంఖ్యలో సంతకాలు చేశారు. బైబిలు ప్రతిపాదనను లండన్‌లోని డైరెక్టర్ల కోర్టు 1847లో తిరస్కరించింది. ఆస్తిహక్కు నిబంధన మాత్రం 1850లో ఇరవై ఒకటో చట్టంగా అమలులోకి వచ్చింది. ఒక గెలుపు, ఒక ఓటమి. అంతకంటే ముఖ్యంగా, సభ కూర్చడం, తీర్మానం చేయడం, చందాలు పోగుచేయడం, సంతకాలు సేకరించడం, నకళ్లు తీసి పైకి పంపడం అనే కార్యక్రమం మొత్తం నగరానికి అలవాటైంది.

నేటివ్ అసోసియేషన్, 1852 విజ్ఞప్తి

కంపెనీ చార్టరు గడువు 1853లో ముగియనుంది. దానిని పొడిగించే ముందు పార్లమెంటు భారతీయుల మాట వినవలసిందిగా కోరడానికి మూడు రాజధాని నగరాల్లో సభలు ఏర్పడ్డాయి. కలకత్తాలో 1851లో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్, బొంబాయిలో 1852లో బాంబే అసోసియేషన్ వెలిశాయి. మద్రాసు సభ 1852 ఫిబ్రవరిలో మొదట కలకత్తా సభకు శాఖగా ఏర్పడి, కొద్ది నెలల్లోనే స్వతంత్ర సంస్థగా విడిపోయింది.

ఈ విడిపోవడాన్ని నాయకుల మధ్య పోటీగా మాత్రమే చూడకూడదు. బెంగాలులో శాశ్వత పైసలా వల్ల జమీందార్లు బలమైన వర్గం. కలకత్తా సభ స్వరం వారిది. మద్రాసు రాజధానిలో అధిక భాగం రైత్వారీ పద్ధతి. అక్కడ పన్ను వసూలు పేర కంపెనీ చేయి నేరుగా రైతు ముంగిటికి చేరుతుంది. కాబట్టి రెండు సభల ఫిర్యాదులు ఒకటి కాజాలవు. మద్రాసు సభ పార్లమెంటుకు పంపిన విజ్ఞప్తిలో భూమిపన్ను భారం, వసూలులో జరిగే అక్రమాలు, న్యాయస్థానాల్లో జాప్యం, ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధికారం, రోడ్లకు, నీటిపారుదలకు అత్యల్ప వ్యయం, విద్య పట్ల నిర్లక్ష్యం, ఉన్నతోద్యోగాల్లో స్వదేశీయులకు చోటు లేకపోవడం వరుసగా వివరించబడ్డాయి. 1840లలో మతరక్షణ ప్రధానంగా ఉన్న స్వరం ఇక్కడ పాలనా విమర్శగా రూపాంతరం చెందింది.

ఈ విజ్ఞప్తిలో బట్టల వర్తకుడి చేతిముద్ర స్పష్టంగా కనిపించే భాగం మొతర్ఫా పన్నుకు సంబంధించినది. మొతర్ఫా అంటే వృత్తులపైన, పనిముట్లపైన, అమ్మకాలపైన వేసే పన్ను. నేతగాడు మగ్గానికి కట్టాలి. వడ్రంగి, కమ్మరి, కంచరి తమ పనిముట్లకు కట్టాలి. అంగడి ఉన్నవాడూ కట్టాలి, బాట పక్కన బుట్ట పెట్టుకుని అమ్మేవాడూ కట్టాలి. బెంగాలులో ఈ పన్నును 1793లోనే రద్దు చేసిన కంపెనీ మద్రాసులో మాత్రం కొనసాగించింది. పనివాడు వాడే సాధనం ఖరీదుకు ఆరింతలు మించిన పన్ను పడే సందర్భాలు ఉన్నాయని విజ్ఞప్తి ఎత్తిచూపింది. పన్ను తక్కువైనా వసూలు సాకుతో ఇంటిలోకి చొరబడే అధికారం నౌకర్లకు దక్కడం ఇంకొక బాధ.

పైన పేర్కొన్న నేత కుటుంబాల స్థితిని దీనితో కలిపి చూస్తే ఈ భాగం అర్థం తేటపడుతుంది. ఒకప్పుడు బట్ట కొన్న కంపెనీయే ఇప్పుడు మగ్గం మీద పన్ను వేస్తోంది. బట్ట మాత్రం కొనడం లేదు. ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యే మిల్లు బట్టకు మగ్గం పన్ను ఉండదు. విదేశీ సరుకుతో పోటీలో స్వదేశీ నేతకు రెండు వైపులా నష్టమే. కొనుగోలు ధర, అమ్మకం ధర మధ్య ఉన్న అణా పైసల తేడాతో జీవించే వర్తకుడు మాత్రమే ఈ వైరుధ్యాన్ని ఇంత సూక్ష్మంగా పట్టుకోగలడు.

విజ్ఞప్తి రచనారీతిని గమనించడం సాహిత్య విద్యార్థికి ఉపయోగకరం. మన గ్రామ కైఫీయతుల్లో ఫిర్యాదు వంశచరిత్రలోను, గుడి మాన్యాల కథలోను కలిసిపోయి ఉంటుంది. పాతకాలపు మహజరులో ప్రభువు దయను ప్రార్థించే స్వరం ప్రధానం. ఈ విజ్ఞప్తిలోనూ వినయ వాచకాలు ఉన్నాయి. కాని ప్రార్థన కింద లెక్క ఉంది. ఎంత వసూలైంది, అందులో ప్రజలకోసం ఎంత ఖర్చయింది, చట్టంలో ఉన్నదేమిటి, ఊళ్లో జరుగుతున్నదేమిటి అన్న ప్రశ్నల వరుస అది. చిట్టాలో రాసింది ఆవర్జాకు ఎక్కించి, రెంటికీ పొత్తు కుదరకపోతే గుమాస్తాను నిలదీసే అంగడి పద్ధతి ఇక్కడ పాలకుడి మీద ప్రయోగించబడింది.

చిత్రహింసల విచారణ

1853 చార్టరు చట్టం మద్రాసు సభ కోరికల్లో అధిక భాగాన్ని పట్టించుకోలేదు. ఆ నిరాశలోంచే లక్ష్మీనరసు శెట్టి జీవితంలో అత్యంత ఫలవంతమైన ఘట్టం మొదలైంది. పన్ను వసూలు కోసం రెవెన్యూ నౌకర్లు రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణ సభ చేసింది. దానిని పార్లమెంటులో నిలబెట్టాలంటే స్వయంగా చూసిన సాక్షి కావాలి. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, ఇండియా రిఫార్మ్ సొసైటీ అధ్యక్షుడు డాన్బీ సీమూర్ 1853లో మద్రాసుకు వచ్చినప్పుడు లక్ష్మీనరసు శెట్టి ఆయనను జిల్లాల్లోకి తీసుకువెళ్లి రైతులతో ముఖాముఖి మాట్లాడించాడు. సరుకు నాణ్యతను శంకించే కొనుగోలుదారుణ్ణి నేతగాడి ఇంటికే తీసుకువెళ్లి మగ్గం చూపించడం వంటిది ఈ పని.

సీమూర్ తిరిగి వెళ్లి 1854లో కామన్స్ సభలో ఈ విషయాన్ని లేవనెత్తాడు. ఫలితంగా అదే సంవత్సరం మద్రాసు ప్రభుత్వం ఎలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా విచారణ సంఘాన్ని నియమించింది. వారి నివేదిక 1855 ఏప్రిల్‌లో వెలువడింది. సంఘం ముందు 519 మంది స్వయంగా హాజరై ఫిర్యాదు చేశారు. మరో 1,440 ఫిర్యాదులు లేఖల రూపంలో అందాయి. మొత్తం 1,959. పన్ను వసూలులోను, పోలీసు విచారణలోను చిత్రహింస వాడుకలో ఉన్నదని సంఘం నిర్ధారించింది. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో భారతదేశంలోని చిత్రహింసలపై రాసిన వ్యాసానికి ఈ నివేదిక ఆధారమైంది. తెలుగు, తమిళ రైతుల మాట ఆ విధంగా సముద్రాలు దాటింది.

ఈ నివేదిక తెలుగు భాషా పరిశోధకుల దృష్టికి రావలసిన మరొక కారణం ఉంది. హింసా సాధనాల పేర్లను అది స్థానిక భాషల్లో నమోదు చేసింది. వేళ్లను, చేతులను రెండు కొయ్యల మధ్య పెట్టి నొక్కే సాధనాన్ని తమిళంలో ‘కిట్టి’ అని, తెలుగులో ‘చీరట’ అని పేర్కొంది. రెండు కొయ్య బద్దలతో చేసే ‘చిరతలు’ అనే తాళవాద్యం పేరుతో ఈ మాటకున్న పోలిక పరిశీలించదగినది. మనిషిని వంచి, మెడను కాళ్లకు కలిపి తాడుతో కట్టే శిక్షకూ తెలుగులో ప్రత్యేకమైన పేరు ఉన్నట్టు నివేదిక చెబుతుంది. హింసకు ప్రత్యేకమైన పేరు పుట్టిందంటే అది అరుదైన సంఘటన కాదని, నిత్య వ్యవహారమని అర్థం. కావ్యాలు, ప్రబంధాలు, వ్యాకరణాలు నమోదు చేయని తెలుగు ఒకటి ఇంగ్లీషు విచారణ పత్రాల్లో మిగిలింది. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడింది. ఆ గ్రంథపు వచనాన్ని, రెండేళ్ల తర్వాతి ఈ సాక్ష్యాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడే ఆ దశాబ్దపు తెలుగు మనకు సమగ్రంగా కనిపిస్తుంది.

విచారణ ఫలితం కాగితాలకే పరిమితం కాలేదు. అప్పటివరకు పన్ను వసూలు, పోలీసు అధికారం ఒకే తహసీలుదారు చేతిలో ఉండేవి. 1859 నాటి మద్రాసు పోలీసు చట్టం వీటిని వేరుచేసింది. ఈలోగా 1855లో నేటివ్ అసోసియేషన్ మరో విజ్ఞప్తిలో కంపెనీ పాలనను తొలగించి దేశాన్ని నేరుగా బ్రిటిష్ రాణి ప్రభుత్వం కిందికి తేవాలని కోరింది. మూడేళ్ల తర్వాత, 1857 తిరుగుబాటు అనంతరం అదే జరిగింది. అయితే ఆ మార్పుకు కారణం మద్రాసు విజ్ఞప్తి కాదు; ఉత్తరాది రక్తపాతం.

ఆలోచనా పరిమితులు

లక్ష్మీనరసు శెట్టిని ప్రజానాయకుడిగా గుర్తించడం, ఆయన పక్షాలన్నిటినీ సమర్థించడం ఒకటి కాదు. 1850 నాటి చట్టాన్ని ఆయన వ్యతిరేకించిన తీరును ఇందుకు ఉదాహరణగా తీసుకోవాలి. మతం మారిన కొడుకుకు ఆస్తిలో భాగం ఇవ్వకూడదన్న వాదన ఆ కాలపు ఉమ్మడి కుటుంబానికి ఆత్మరక్షణగా తోచింది. కాని దాని సారాంశం, వ్యక్తి విశ్వాసానికి ఆస్తిని జరిమానాగా విధించడం. మగ్గం పన్ను విషయంలో బలహీనుడి పక్షాన నిలిచిన తూనికే ఇక్కడ కులాచారం వైపు మొగ్గింది.

ఈ విషయంలో సమకాలికుల మధ్యనే భేదాభిప్రాయం ఉండేది. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల ఇందుకు సాక్షి. ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర విశేషాలను లేఖలుగా పంపినది ఆయనకే. వీరాస్వామయ్య మరణానంతరం 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ను ముద్రింపజేసినదీ ఆయనే. పచ్చయ్యప్ప ధర్మకర్తల మండలికి అధ్యక్షుడైన శ్రీనివాస పిళ్ల 1852లో లక్ష్మీనరసు శెట్టి మార్గంతో విభేదించి, సంఘ సంస్కరణ, విద్య ప్రధాన లక్ష్యాలుగా హిందూ ప్రోగ్రెసివ్ ఇంప్రూవ్‌మెంట్ సొసైటీని స్థాపించాడు. పాలకుడి అన్యాయాన్ని ముందు ఎదుర్కోవాలా, సమాజంలోని అన్యాయాన్ని ముందు సరిదిద్దాలా అన్న ప్రశ్న ఆ చీలికలో ఉంది. శతాబ్ది చివర రాజకీయ సభలకు, సంస్కరణ సభలకు మధ్య దేశమంతటా సాగిన వాదానికి ఇది తొలి రూపం.

తెలుగు సాహిత్య చరిత్ర శ్రీనివాస పిళ్లను ‘కాశీయాత్ర చరిత్ర’ ద్వారా జ్ఞాపకం పెట్టుకుంది. లక్ష్మీనరసు శెట్టిని మరచింది. ఒకరి చేతిలో తెలుగు పుస్తకం ఉంది, మరొకరి చేతిలో లేదు. కాని ఇద్దరూ ఒకే నగరంలో, ఒకే వర్గం మధ్య, ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వెతికినవారు. ఒకరిని తీసివేస్తే మరొకరి స్థానమూ అస్పష్టమవుతుంది.

చివరి సంవత్సరాలు

ప్రభుత్వం ఒకప్పుడు అనుమానంగా చూసిన వర్తకుణ్ణే తర్వాత గౌరవించింది. 1863లో లక్ష్మీనరసు శెట్టి మద్రాసు శాసనసభకు సభ్యుడిగా నియమితుడయ్యాడు. ఆయనకు ముందు ఆ స్థానంలో ఉన్న స్వదేశీయుడు వి. సదాగోపాచార్లు ఒక్కరే. స్టార్ ఆఫ్ ఇండియా గౌరవం కూడా ఆయనకు దక్కింది. అయితే అప్పటికి నేటివ్ అసోసియేషన్ జవసత్వాలు ఉడిగాయి. సభ ఖర్చుల్లో, పత్రిక నష్టాల్లో అధిక భాగాన్ని ఒక్క వ్యక్తి సంపద మోసినప్పుడు, ఆ సంపద తరిగితే సంస్థ నిలవదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పెరిగిన పత్తి ధరలు యుద్ధం ముగిశాక 1865 నుంచి పడిపోయి ఈ దేశపు వర్తకులను అతలాకుతలం చేశాయి. సంపన్న కుటుంబంలో పుట్టిన లక్ష్మీనరసు శెట్టి 1868లో పేదవాడిగా మరణించాడు. చెన్నపట్నంలో స్థిరమైన రాజకీయ సంస్థ మళ్లీ నిలదొక్కుకోవడానికి 1884లో మద్రాస్ మహాజన సభ ఏర్పడే వరకు ఆగవలసి వచ్చింది.

గోదావరి మండలంలో తరువాతి అడుగులు

లక్ష్మీనరసు శెట్టి మరణించిన ఆరేళ్లకు, 1874లో, వీరేశలింగం ధవళేశ్వరం నుంచి ‘వివేకవర్ధని’ని ప్రారంభించాడు. తొలి సంచికలు చెన్నపట్నంలోనే అచ్చయ్యాయి. ఉద్యోగుల లంచాలను, న్యాయస్థానాల అక్రమాలను ఆ పత్రిక బయటపెట్టిన తీరు ప్రసిద్ధం. ‘క్రెసెంట్’ను వీరేశలింగం అనుసరించాడని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. అధికారిని పేరు, ఊరు, పని చెప్పి ప్రశ్నించడం సాధ్యమేనన్న వాతావరణం అంతకుముందు మూడు దశాబ్దాల్లో ఏర్పడిందన్నదే ప్రతిపాదన. భాష విషయంలో వీరేశలింగం వేసిన అడుగు నిర్ణాయకమైనది. లక్ష్మీనరసు శెట్టి లండన్‌ను ఉద్దేశించి మాట్లాడాడు. వీరేశలింగం రాజమహేంద్రవరాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. మొదటివాడికి జవాబు చెప్పవలసినవాడు పాలకుడు, రెండోవాడికి పాలకుడితోపాటు పాఠకుడు కూడా.

వర్తకుడి పాత్ర ఇక్కడా మాయం కాలేదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు, ఆ ఉద్యమానికి ధనసహాయం చేసి నిలబెట్టినవాడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. బహిష్కరణకు గురైన దంపతులను పోషించడానికి, ఇళ్లు చూపడానికి, పెళ్లి ఖర్చులకు డబ్బు కావాలి. శాస్త్రవాదాలతో ఆ అవసరం తీరదు. సంస్కరణోద్యమ చరిత్రలో మనం ఉపన్యాసాలను, ప్రహసనాలను, పత్రికలను విశ్లేషిస్తాం. వాటి వెనక ఉన్న రొక్కాన్ని కృతజ్ఞతా వాక్యంతో దాటవేస్తాం. లక్ష్మీనరసు శెట్టికి వర్తకం రాజకీయ స్వరాన్ని ఇస్తే, రామకృష్ణయ్య కాలానికి వర్తకుడు మరొకరి స్వరానికి ఆధారమయ్యాడు. నలభై ఏళ్లలో వచ్చిన ఈ మార్పులో, తెలుగు ప్రజాజీవితంలో నాయకత్వం అంగడి నుంచి బడికి బదిలీ అయిన క్రమం కనిపిస్తుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కంపెనీ వర్తకం ఆగిన తర్వాత ఏర్పడిన స్వతంత్ర వర్తక వర్గం చెన్నపట్నంలో తెలుగువారి తొలి ప్రజారాజకీయానికి ఆర్థిక బలాన్నీ పని పద్ధతినీ సమకూర్చింది. రెండవది, 1852 విజ్ఞప్తిలో మొతర్ఫా పన్నుపై, ఆ తర్వాత చిత్రహింసలపై సాగిన వాదనలో లెక్క, సాక్ష్యం, ప్రత్యక్ష దర్శనం అనే మూడు సాధనాలు కలిశాయి. ఆధునిక విమర్శ వచనానికి ఇవే ఆధారాలు. మూడవది, ఆ నాయకత్వానికి కులాచార రక్షణ ఒక పరిమితి, ఒకే వ్యక్తి సంపదపై ఆధారపడటం మరొక పరిమితి.

తెలుగులో రాయనివాడిని తెలుగు సాహిత్య చరిత్రలోకి తేవడం సమంజసమా అన్న ప్రశ్న సహజం. సాహిత్య చరిత్ర అంటే గ్రంథాల జాబితా అయితే సమంజసం కాదు. ఒక భాషాసమాజం తన కష్టాన్ని ఏ ఏ రూపాల్లో చెప్పుకోవడం నేర్చుకున్నదో తెలిపేది సాహిత్య చరిత్ర అయితే, సంఘం ఎదుట స్వయంగా నిలిచిన 519 మంది నోటి మాటకు, ఆ విచారణకు దారి తీసిన వర్తకుడికి అందులో చోటు ఉండాలి. విచారణ నివేదికలోను, దాని అనుబంధాల్లోను అనువాదాల మరుగున ఉన్న తెలుగు పలుకుబడిని వెలికితీయడం, గోదావరి మండలపు అర్జీలను, మహజరులను వచన వికాస చరిత్రలో భాగంగా చదవడం ఈ దిశలో జరగవలసిన తదుపరి పని.